పాకంలో పడిన పత్రం

చేదును తీపిలో దాచి పుచ్చుకొనే విద్య మానవునికి చాల పాతది. వేపరసం త్రాగించిన తల్లి వెంటనే బిడ్డ నోటికి బెల్లపుముక్క అందిస్తుంది. వైద్యుడు ఘాటైన చూర్ణాన్ని తేనెలో రంగరిస్తాడు. ఈ విద్య వల్ల లోకానికి మేలే ఎక్కువ జరిగినది. అయితే చేదు ఊరకే చేదుగా ఉండదు; అది నాలుకకు ఒక హెచ్చరిక. ఆ హెచ్చరికను తీపి కప్పివేసినప్పుడు, ఇందులో ఏమున్నది, ఎంత ఉన్నది అని చెప్పవలసిన భారం నాలుక మీదినుండి తొలగి, చేసి పెట్టిన మనిషి మీద పడుతుంది. గంజాయిమొక్క ఆకును చక్కెరపాకంలో వేసి మిఠాయిగా మలచిన చరిత్ర అంతా ఈ భారాన్ని ఎవరు మోసినారు, ఎవరు దించివేసినారు అన్న కథయే.

హిండన్ నదికి పడమట, ఢిల్లీ పొలిమేరను ఆనుకొని ఇందిరాపురం అనే నగరభాగం ఉన్నది. 1740లో గాజీఉద్దీన్ పేర వెలసిన గాజియాబాదు పట్టణం కాలక్రమాన పెరిగి నదిని దాటినప్పుడు, మకన్‌పూర్ వంటి పల్లెల పొలాల మీద ఈ కొత్త ఊరు లేచినది. గాజియాబాదు 1976 వరకు మేరఠు జిల్లాలోని భాగమే. నేడు ఇందిరాపురపు ఎత్తైన భవనాలలో ఉత్తరాది కుటుంబాలతోపాటు బెంగాలీలు, తెలుగువారు కూడ పొరుగుపొరుగున కాపురముంటున్నారు. హోలీ నాడు ఆ భవనాల నడిమి ఆవరణలలో రంగులతోపాటు ఠండాయి, గుజియాలు, బర్ఫీలు వెలుస్తవి. ఉత్తరాది ఆచారాన్ని బట్టి వాటిలో కొన్నింట భంగు ఉండవచ్చును, కొన్నింట ఉండకపోవచ్చును. ఆకుపచ్చని బర్ఫీ పిస్తాదా, భంగుదా అని అడిగి తెలుసుకొన్నవాడు ఆ సాయంకాలాన్ని ఒక విధంగా గడుపుతాడు. అడగక నోట వేసుకొన్నవాడు మరొక విధంగా గడుపుతాడు. దక్షిణాదినుండి కొత్తగా వచ్చిన కుటుంబానికి ఈ ప్రశ్న అడగవలెనని కూడ తోచదు.

మొక్క ఒకటే అయినా, భాగాన్ని బట్టి దానికి ఉత్తరాదిని మూడు పేర్లున్నవి. ఆకు భంగు; ఆడమొక్క పూలగుత్తి గాంజా; దానినుండి తీసిన జిగురు చరస్. మూడింటిలో మత్తు తక్కువైనది ఆకు. తెలుగులో మనం మొక్క అంతటికీ గంజాయి అనే పేరే వాడుతున్నాము. 'గంజాయివనంలో తులసిమొక్క' అనే సామెతలో ఆకుకు, పూతకు భేదం లేదు. ఆ వనమంతా దుష్టసాంగత్యానికి గుర్తు. హిందీవారి వాడుకలో అట్లు కాదు. భంగును 'విజయ' అని, 'బూటీ' అని గౌరవంగా పిలుస్తారు. శివరాత్రికి, హోలీకి దానిని శివప్రసాదంగా భావించి పుచ్చుకొనేవారు, గాంజా పీల్చేవానిని మాత్రం తమ పంక్తిలో కలుపుకొనరు. ఒకే మొక్క విషయంలో రెండు భాషలవారి మనస్సులలో ఇంత అంతరం ఉండుట గమనింపదగినది.

ఈ ఆకు పేరు ప్రాచీనమైనది. అథర్వవేదం సోముడు రాజుగా గల ఓషధులను లెక్కించుచు దర్భతోను, యవలతోను పాటు భంగను పేర్కొన్నది. ఆ భంగ ఈ మొక్కయేనా అన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. మత్తు గొలిపే ఓషధిగా ఇది స్పష్టంగా కనబడేది మధ్యయుగపు వైద్యగ్రంథాలలో. శార్ఙ్గధరసంహిత 'వ్యవాయి' అనే ద్రవ్యభేదాన్ని వివరిస్తూ భంగను, నల్లమందును ఉదాహరణలుగా చూపినది. ముందుగా దేహమంతటా వ్యాపించి, ఆ తరువాతనే జీర్ణమయ్యేది వ్యవాయి. 16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన భావప్రకాశంలో భంగ, గంజ, మాతులాని, మాదిని, విజయ, జయ అనే పర్యాయపదాలు చెప్పినాడు. 'మాదిని' అన్న పేరులోనే మదం ఉన్నది. 'విజయ' అన్న పేరులో ఆ మదానికి మర్యాద ఉన్నది.

ఇక చక్కెర సంగతి. చెరకురసాన్ని కాచి గట్టిపరచిన వస్తువులలో ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అనే భేదాలను కౌటిల్యుని అర్థశాస్త్రం ఎరిగియున్నది. ఇందులోని ఖండమే పారసీక, అరబ్బీ భాషలలో 'కంద్' అయి, యూరపు భాషలలో 'క్యాండీ' అయినది. తెలుగులో కలకండగా మన ఇళ్లలోనే నిలిచినది. గులాబీరేకులను చక్కెరలో మాగవేసిన గుల్కందులో ఒక సగం గులాబీ, ఒక సగం ఖండం. పూవులను, పండ్లను, ఆకులను చక్కెరలో నిలువచేసే కళకు చక్కెర పుట్టిన దేశమే పుట్టిల్లు అయినందున ఆశ్చర్యం లేదు. చక్కెర మూడు పనులు చేస్తుంది: పదార్థాన్ని చెడనీయదు, చేదును కప్పుతుంది, ముక్కలుగా కోసి పంచుకొనుటకు అనువైన గట్టిదనం ఇస్తుంది. ఈ మూడవ గుణం వల్లనే మందు మిఠాయి అయినది.

భంగు ఈ పాకంలో రెండు మార్గాల ప్రవేశించినది. ఒకటి ఆయుర్వేద మార్గం. మదనమోదకం, కామేశ్వరమోదకం అనే పేర్లతో వైద్యులు విజయను చక్కెర, నెయ్యి, సుగంధద్రవ్యాలతో చేర్చి ఉండలు కట్టినారు. మోదం కలిగించేది మోదకం. వినాయకునికి నివేదించే పిండివంట పేరే ఈ మందుకు వచ్చినది. రెండవది యునానీ మార్గం. అరబ్బీలో పిసుకుట అనే అర్థమిచ్చే ధాతువునుండి 'మాజూన్' అనే మాట ఏర్పడినది. యునానీ వైద్యంలో మాజూన్ అనగా తేనె లేక చక్కెరపాకంతో కలిపి పిసికిన ఔషధం. మాజూన్ ఫలాసఫా వంటి వాటిలో మత్తుపదార్థమే లేదు. కాని బజారులో, దర్బారులో మాజూన్ అన్నంతనే జనం తలచేది భంగు కలిసిన తీపినే. వైద్యుని మాటను విలాసం అపహరించిన ఉదాహరణలలో ఇది ఒకటి.

దర్బారు మాజూన్‌కు మొట్టమొదటి ప్రసిద్ధసాక్షి బాబరు. తన దినచర్యలో ఆయన మాజూన్ తిన్న సందర్భాలను దాచుకొనక వ్రాసుకొన్నాడు. 1519లో పేషావరు ప్రాంతాన మాజూన్ మైకంలో పూలతోటలు ఎట్లు కనబడినవో వర్ణించినాడు. మద్యం త్రాగేవారి గోష్ఠి, మాజూన్ తినేవారి గోష్ఠి ఒకచోట పొసగవని కూడ ఆయన అనుభవం. 1527లో ఖాన్వా యుద్ధానికి ముందు మద్యపానం మానుతున్నట్లు శపథం చేసిన బాబరు మాజూన్‌ను మాత్రం విడువలేదు. ఆయన తిన్న మాజూన్‌లో భంగే ఉన్నదో, నల్లమందు ఉన్నదో గ్రంథం చెప్పదు. కాని తిన్న దినం, తిన్న చోటు, దాని ఫలం చెప్పుతుంది. తుర్కీ భాషలో ఉన్న ఈ గ్రంథాన్ని అక్బరు కాలంలో, 1589లో, పారసీకంలోకి తెచ్చినవాడు అబ్దుర్రహీం ఖాన్‌ఖానా. హిందీ దోహాలలో లోకానుభవాన్ని పొదిగిన రహీం కవి అతడే. ప్రభువు తాత బలహీనతను తుడిచివేయక అనువదించి మనవనికి సమర్పించిన ఆ అనువాదకుని నిజాయితీ ఈ చరిత్రకు చేసిన మేలు చిన్నది కాదు.

గోవాలో వైద్యుడుగా నివసించిన పోర్చుగీసు పండితుడు గార్సియా ద ఓర్తా 1563లో అచ్చయిన తన సంభాషణాగ్రంథంలో భంగుకు ఒక ప్రకరణం కేటాయించినాడు. ఆకుపొడిని చక్కెరతో చేర్చి మాజూన్ చేస్తారనీ, స్తోమత గలవారు అందులో లవంగం, కర్పూరం, కస్తూరి వంటివి కలుపుతారనీ ఆయన వ్రాసినాడు. గుజరాతు సుల్తాను బహదూర్‌షా పోర్చుగీసు సేనాని మార్తిం అఫోన్సో ద సౌసాతో అన్న మాట కూడ అందులో ఉన్నది: రాత్రివేళ తనకు పోర్చుగలు, బ్రెజిలు, తురుష్కదేశం, అరేబియా, పారశీకం చూడవలెనని తోచినప్పుడు కొంచెం భంగు తింటే చాలునట. ఇదే ప్రకరణంలో సుల్తానుకంటె తక్కువవారు కూడ ఉన్నారు. యజమానికి తెలియకుండ భంగు తిన్న ఓర్తా సేవకులు, దాని వల్ల పనిభారం తెలియదనీ, ఉల్లాసంగా ఉంటుందనీ, ఆకలి పుడుతుందనీ చెప్పినారు. ప్రభువుకు దేశాంతరయానం, సేవకునికి శ్రమవిస్మృతి: ఒకే తీపి రెండు అంతస్తులలో రెండు పనులు చేసినది.

రాజుల పేర్లు, యాత్రికుల పేర్లు చరిత్రలో నిలిచినవి. మాజూన్ చేసిన చేతుల పేర్లు నిలువలేదు. వాటిలో ఒక్క పేరు దైవికంగా మిగిలినది. 1839లో కలకత్తాలోని ఐరిష్ వైద్యుడు విలియం బ్రూక్ ఓషానెసీ భారతీయ గంజాయిని గురించి వ్రాసిన ప్రబంధంలో అమీర్ అనే ముసల్మాను మాజూన్ తయారీని తనకు వివరించి, తన ఎదుటనే పలుమార్లు చేసి చూపినట్లు పేర్కొన్నాడు. అమీర్ కలకత్తాలో భంగుప్రియులు చేరే ప్రసిద్ధస్థలానికి యజమాని. తన వృత్తిలో మొనగాడని పేరు పొందినవాడు. ఆకుసారాన్ని నేతిలోనికి దింపి, ఆ నేతిని పాలు, చక్కెరలతో పాకం పట్టి, పలుచగా పరచి ముక్కలుగా కోయడం అతని పద్ధతి. దాని రుచి మధురమనీ, వాసన మనోహరమనీ ఓషానెసీ మెచ్చినాడు. అంతకంటె విలువైన మాట మరొకటి ఆయన వ్రాసినాడు: అలవాటైనవాడు తట్టుకొనే దానిలో మూడవ వంతుకే కొత్తవాడు మత్తిల్లుతాడని. ఈ జ్ఞానం పాశ్చాత్య రసాయనశాలలో పుట్టినది కాదు. అమీర్ వంటివారి అంగళ్లలో, వచ్చినవాని ముఖం చూచి ముక్క పరిమాణం నిర్ణయించిన అనుభవంలో పుట్టినది. నాలుక చేయలేని పనిని అంగడివాని కన్ను చేసినది.

1893 మార్చిలో బ్రిటిషు పార్లమెంటులో భారతదేశపు గంజాయిని గురించి ప్రశ్న పుట్టినది. ఆ జూలైలో భారతప్రభుత్వం మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన ఏడుగురు సభ్యులతో ఒక కమిషన్‌ను నియమించినది. కమిషన్ దేశమంతా తిరిగి 1193 మంది సాక్ష్యం సేకరించి 1894లో నివేదిక ఇచ్చినది. మితంగా పుచ్చుకొన్నవారికి సాధారణంగా చెప్పుకోదగిన హాని లేదనీ, అతిగా పుచ్చుకొన్నవారికి హాని ఉన్నదనీ, సంపూర్ణ నిషేధం అవసరమూ కాదు, ఉచితమూ కాదనీ అధికసంఖ్యాకులు నిర్ణయించినారు. ఆ నివేదికకు జార్జి గ్రియర్సన్ సంస్కృత, హిందీ సాహిత్యాలలో ఈ మొక్కను గురించిన ప్రస్తావనలను కూర్చి ఇచ్చిన లేఖ అనుబంధమైనది. భాషాశాస్త్రజ్ఞుని సాక్ష్యాన్ని కూడ ప్రభుత్వం అడిగినదన్నమాట.

భారతీయ సభ్యులు ముగ్గురిలో ఇద్దరు, రాజా శశిశేఖరేశ్వర రాయ్, లాలా నిహాల్‌చంద్, అధికసంఖ్యాకులతో పూర్తిగా ఏకీభవింపక తమ అభిప్రాయాలను వేరుగా వ్రాసినారు. నిహాల్‌చంద్ ముజఫర్‌నగరువాడు, మేరఠుకు పొరుగుజిల్లా, నేటి ఇందిరాపురానికి ఉత్తరాన ఉన్న సీమ అది. తమ ఊళ్లలో వాడుకను ఎరిగినవారే జంకినారు అన్న సంగతి మరువరాదు. మిఠాయిలను గురించి కమిషన్ ముందుకు వచ్చిన సాక్ష్యాలలో ఒక చేదునిజం కూడ ఉన్నది: కొందరు మాజూన్‌లో ఉమ్మెత్తగింజలు కలిపేవారు. తీపి కప్పునది భంగు చేదునే కాదు. దాని వెనుక మరేది వచ్చి కూర్చున్నా తీపి దానిని కూడ కప్పుతుంది.

ఆ కమిషన్ తరువాత కొద్ది ఏండ్లకే హిందీ గద్యంలో ఒక భంగడు అమరుడైనాడు. హర్యాణా ప్రాంతపు గుడియానీ గ్రామంలో జన్మించి, కలకత్తా 'భారతమిత్ర' పత్రికకు సంపాదకుడైన బాలముకుంద గుప్తా (1865-1907) శివశంభు శర్మ అనే కల్పితపాత్ర పేరుతో వైస్రాయి కర్జన్‌కు బహిరంగ లేఖలు వ్రాసినాడు. శివశంభు భంగు సేవించే బ్రాహ్మణుడు. మెలకువలో ప్రజ ఏలికతో అనలేని మాటలను అతడు మైకపు చాటున అన్నాడు. ఇక్కడ తీపి లేదు, పాకం లేదు; అయినా విద్య అదే. చేదు సత్యాన్ని నవ్వులో చుట్టి అందించుట. గుప్తా చేసిన పనిలోని ధర్మం ఏమనగా, లేఖ ఎవరికి వ్రాసినదో, ఎందుకు వ్రాసినదో పాఠకునికి స్పష్టంగా తెలుసు. తీపి చుట్టుటలో దోషం లేదు. చుట్టిన సంగతి దాచుటలోనే దోషం.

అమీర్ చేతికి అలవాటైన నేతి రహస్యాన్ని రసాయనశాస్త్రం 20వ శతాబ్దిలో వివరించినది. 1964లో ఇజ్రాయెలు శాస్త్రజ్ఞులు గావొని, మెషూలం ఈ మొక్కలోని ప్రధానమైన మత్తుపదార్థాన్ని శుద్ధంగా వేరుచేసి దాని నిర్మాణం తెలిపినారు. అది నీటిలో దాదాపుగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందువల్లనే నెయ్యి, పాలు. పొగగా పీల్చినప్పుడు నిమిషాలలో పనిచేసే ఆ పదార్థం, తిన్నప్పుడు జీర్ణకోశం దాటి, కాలేయంలో మరింత చురుకైన రూపానికి మారి రక్తంలో కలుస్తుంది. దీనికి అరగంటనుండి రెండు గంటలు పట్టవచ్చును; ఫలితం పలుగంటలు నిలువవచ్చును. ఇందులోనే మిఠాయి ప్రమాదం ఉన్నది. మొదటి ముక్క ఏమీ చేయలేదనుకొని రెండవది తిన్నవానికి రెండూ ఒక్కసారి తలకెక్కుతవి. పీల్చేవాడు మత్తు రాగానే ఆగగలడు. తిన్నవాడు తిన్నదానిని వెనుకకు తీసికొనలేడు. పిల్లలకు, హృద్రోగులకు, మనోవ్యాధి గలవారికి, గర్భిణులకు ఇది పరిహాసం కాదు.

స్వతంత్రభారతం ఈ ఆకును ఎట్లు చూచినది? 1961లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యాన కుదిరిన మాదకద్రవ్యాల ఒడంబడిక పూలగుత్తులనే గంజాయిగా నిర్వచించి, పూతతో కలవని ఆకులను, గింజలను మినహాయించినది. ఆకుల దుర్వినియోగాన్ని అరికట్టుమని మాత్రం సభ్యదేశాలకు చెప్పినది. భారతదేశం 1985లో చేసిన మాదకద్రవ్యాల చట్టం ఈ నిర్వచనాన్నే స్వీకరించినది. మొక్కను అనుమతి లేక సాగుచేయుట నేరం. పూత, జిగురు కలిగియుండుట నేరం. ఒట్టి ఆకు ఆ నిర్వచనానికి వెలుపల నిలిచి, రాష్ట్రాల ఎక్సైజు అధికారంలో మిగిలినది. ఉత్తరప్రదేశ్‌లో భంగు దుకాణాలు ప్రభుత్వపు అనుమతిపత్రంతో నడుస్తున్నవి. 2022లో కర్ణాటక హైకోర్టు ఒక బెయిలు ఉత్తర్వులో, భంగు నిషిద్ధమని ఈ చట్టంలో ఎక్కడా చెప్పబడలేదని పేర్కొన్నది. ఉత్తరాదివారి వాడుకలో ఆకుకు, పూతకు నడుమ ఉన్న పాతగీతనే ఆధునికచట్టం మళ్లీ గీసినదని చెప్పవచ్చును.

కాని ఆ గీత చెట్టు మీద కనబడినంత స్పష్టంగా పాకంలో కనబడదు. నూరి, నేతిలో కాచి, చక్కెరలో కలిపిన తరువాత ఆకు ఏదో, పూత ఏదో కంటికి తెలియదు. గత కొన్ని ఏండ్లలో హైదరాబాదు పరిసరాలలో పోలీసులు, ఎక్సైజువారు 'గంజాయి చాక్లెట్లు' అనే వాటిని పలుమార్లు పట్టుకొన్నారు. అవి తరచు ఉత్తరాది రాష్ట్రాలనుండి వచ్చినవి, ఆయుర్వేద మందుల వేషంలో వచ్చినవి. ఉత్తరాదిని పండుగనాటి వాడుకగా మెలగిన వస్తువు, ఆ వాడుకను ఎరుగని నేలమీద రంగుకాగితంలో చుట్టిన చాక్లెట్టుగా దిగినది. దానితో అమీర్ రాలేదు. కొత్తవానికి ఎంత, పాతవానికి ఎంత అని చూచే కన్ను రాలేదు. తెలుగువాని సామెతకు భయం తెలుసును, మోతాదు తెలియదు.

ఔషధాల విషయంలో ఈ లోపాన్ని పూరించుటకు ప్రభుత్వం ఒక నియమం చేసినది. ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యాలలో విషగుణం గల ద్రవ్యాల పట్టికలో, అనగా మందుల నియమావళిలోని 'ఇ-1' షెడ్యూలులో, భంగు చేరియున్నది. ఆ పట్టికలోని ద్రవ్యంతో చేసి లోపలికి పుచ్చుకొనే మందు సీసా మీద, వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనన్న హెచ్చరికను ఆంగ్లంలోను, హిందీలోను అచ్చువేయవలెను. మంచి నియమమే. అయితే ఆ రెండు భాషలలో ఒక్కటీ చదువలేని తెలుగు పల్లెవానికి, కాగితం మీది చక్కని బొమ్మ తప్ప ఏమీ తెలియదు. నాలుకను తీపి మోసగించినది. కంటిని తెలియని లిపి మోసగించినది. ఇక అతనికి మిగిలినది అమ్మినవాని మాట ఒక్కటే.

మాజూన్ నడిచిన దారిని చూచినప్పుడు దానిని పూర్తిగా నిందించుటగాని, శివప్రసాదమని పూర్తిగా కొనియాడుటగాని చరిత్రకు న్యాయం చేయదు. బాబరు తాను తిన్నది ఎరిగి తిన్నాడు, ఎరిగినది వ్రాసినాడు. బహదూర్‌షా తన యాత్రలకు తానే సిద్ధపడినాడు. అమీర్ తన సరుకును, తనను ఆశ్రయించినవారిని ఎరిగియున్నాడు. ఈ ఎరుక ఉన్నంతకాలం ఆ తీపి వాడుకలో ఒక హద్దు ఉండినది. ఉమ్మెత్త కలిపినవాడు, వినోదానికని అతిథికి చెప్పకుండ పెట్టినవాడు, బడిదగ్గర చాక్లెట్టుగా అమ్మినవాడు ఆ హద్దును చెరిపినవారు. ఇందిరాపురంలో పొరుగింటివారికి బర్ఫీపళ్లెం అందించేవారు 'ఇందులో విజయ ఉన్నదండీ' అని ఒక్కమాట, ఎదుటివారికి తెలిసిన భాషలో, పళ్లెం చేతికి ఇవ్వకముందే చెప్పితే చాలును. ఆకు చేదును పోగొట్టినవానికి ఆ చేదు చెప్పవలసిన మాటను తాను చెప్పే బాధ్యత ఉన్నది.